మళ్లీ ఇంజన్లిస్తారట

ఆ అబ్బాయి "మాత్రమే" అనకపోయి ఉంటే నాకంత కోపం వచ్చేది కాదు. శ్రీకాకుళంలో మా ఇంటి వరండాలో కూర్చుని కాఫీ తాగాడు. తాగిన గ్లాసు తనే తీసుకెళ్లి కుళాయి దగ్గర పెట్టాడు. కుండీల్లో కనకాంబరాలు బాగా పూశాయన్నాడు. మర్యాద తెలిసిన కుర్రాడే. కార్లు తయారుచేసే పెద్ద కంపెనీలో ఉద్యోగమట, విశాఖలో ఆఫీసట. అతన్ని వెంటబెట్టుకొచ్చినవాడు మా పాలెం రమణ, ఊరి యువజన సంఘం కార్యదర్శి. "అత్తా, మన పాలెంలో మళ్లీ మరబోట్ల పందెం పెడతన్నాం. ఈ సారోల కంపెనీ ఇంజన్లిస్తాదట. మన ఎర్రయ్య మావని ముందు వరసలో కూకోబెట్టి శాలువా కప్పాలని సంఘం అనుకున్నాది. మావ నీ మాటయితే ఇంటాడు. నువ్వోపాలి సెప్పు" అన్నాడు రమణ. ఆ అబ్బాయి కుర్చీలో కాస్త ముందుకు జరిగి, "పందెం మేము నడపం మేడమ్. ఏర్పాట్లు, మనుషులు, అన్నీ సంఘమే చూసుకుంటుంది. మేము ఇంజన్లు ఇస్తాం. ఇంజన్లు మాత్రమే" అన్నాడు.

ఆలోచిస్తానని చెప్పి ఇద్దర్నీ పంపేశాను. గేటు వేసి వచ్చి, అతను కుళాయి దగ్గర పెట్టిన గ్లాసు రెండుసార్లు తోమాను. ఆ కంపెనీ ఒకప్పుడు మా పాలేనికి ఇంజన్లు మాత్రమే ఇచ్చింది. మా ఎర్రయ్య బావకి ఎడమ కాలు మోకాలి కింద లేదు.

మా పాలేనికి వెళ్లాలంటే కోటబొమ్మాళిలో రైలు దిగి, వరి మళ్లు దాటి, సరుగుడు తోటల్లోంచి ఇసక బాటన చాలా దూరం నడవాలి. నా చిన్నప్పుడు ఆ దారిలో సముద్రం కనిపించక ముందే మా ఇంటి వాసన తగిలేది. ఎండబెట్టిన నెత్తళ్లు, ఉప్పు పట్టిన కవళ్ల చేపలు, తడి వలలు, సరుగుడు పుల్లల పొగ. ఆ వాసనకి బడిలో వరి మళ్ల వైపు ఊళ్ల పిల్లలు నా పక్కన కూర్చోకుండా జరిగిపోయేవారు. నాకు మాత్రం అన్నం గుర్తొచ్చేది. పొద్దున్నే అమ్మ చోడి అంబలి కలిపి, నిప్పుల మీద కాల్చిన ఎండు చేప ముక్క పక్కన పెట్టేది. మామ్మ గుమ్మంలో కూర్చుని అడ్డచుట్ట కాల్చేది. నిప్పున్న కొస నోట్లో పెట్టుకుని, పెదవులు బిగించి, ఒక్క నిప్పురవ్వ బయటికి రానివ్వకుండా, అలాగే మాట్లాడేది, అలాగే తిట్టేది. అక్క నూకాలు నాకంటే చాలా పెద్దది. దాన్ని మేనమామ కొడుకు ఎర్రయ్యకే ఇచ్చారు. రెండిళ్లకీ నడుమ తాటాకు దడి ఒకటే. దడి ఇవతల అమ్మ చేపల కూర వండితే అవతల బావ, "ఏటత్తా, ఇయ్యాల సావడాలేనా?" అని అరిచేవాడు.

బావకి మాటలు తక్కువ, నవ్వు ఎక్కువ. సముద్రం మీద మాత్రం వేరే మనిషి. అప్పుడు మా ఒడ్డున తెప్పలే ఉండేవి. దుంగలు కలిపి తాళ్లతో బిగించి, ఆ బిగించినవాడే దాని మీద నిలబడి వేటకి పోయేవాడు. అమ్మవారి సంబరంలో తెప్పల పందేలు జరిగేవి. తెప్ప కట్టిన చేతులే తెడ్డు పట్టేవి. కట్టు వదిలితే కట్టినవాడే మునుగుతాడు, అందుకని కట్టు వదిలేది కాదు. ఓడిన పేటవాళ్లు గెలిచిన పేటకి చేపల పులుసు పెట్టి, తినేటప్పుడు పక్కనే కూర్చుని వెక్కిరింపులు పడాలి. ఆ పందెంలో పోయేది పరువొక్కటే, అదీ మర్నాటి వేట దాకానే.

తర్వాత ఫైబరు పడవలొచ్చాయి. వాటి వెనకే ఇంజన్లొచ్చాయి. ఇంజన్ల మీద నాకు కోపం లేదు, ఆ సంగతి ముందే చెప్పాలి. తెడ్డు వేసి వేసి మా నాన్న భుజాలు కాయలు కాచి నల్లటి బెరడులా ఉండేవి. ఇంజను వచ్చాక అలాంటి భుజాలు మా పాలెంలో మళ్లీ తయారవలేదు. ఈ కార్ల కంపెనీ అప్పుడే పడవలకి చిన్న డీజిలు ఇంజన్లు చేయడం మొదలెట్టింది. వాటిని మావాళ్ల చేత కొనిపించాలి. కొనిపించాలంటే చూపించాలి. పందెం కంటే బాగా చూపించేది ఏముంది? సంబరంలో తెప్పల పందెం మాన్పించి మరబోట్ల పందెం పెట్టించారు. పడవ మనది, మనిషి మనవాడు, ఇంజను వాళ్లది.

ఇంజన్లు చెక్కపెట్టెల్లో లారీ మీద వచ్చాయి. రేకు పాక మా దొడ్లోనే ఉందని అక్కడ దింపారు. ఇంట్లో ఉప్పుచేప వాసనని మొదటిసారి డీజిలు వాసన మింగేసింది. కంపెనీ ఆఫీసరొకడు తెల్లబూట్లతో దొడ్లో తిరుగుతూ, గుమ్మంలో ఉన్న మామ్మని చూపించి, "ఇంజన్ల దగ్గర పొగ తాగకూడదు, ఆ ముసలమ్మని అవతలికి పొమ్మనండి" అన్నాడు. మామ్మ చుట్ట నోట్లోంచి తియ్యకుండానే, "నా గుమ్మంలోకి ఆడి ఇంజనొచ్చినాదా, ఆడి ఇంజను కాడికి నానెల్లినానా?" అంది. నాన్న బతిమాలి వేపచెట్టు కిందకి తీసుకెళ్లి కూర్చోబెట్టాడు. పందెం అయ్యేదాకా మామ్మ తన గుమ్మం ఎక్కలేదు. ఆ రోజు మేమంతా నవ్వుకున్నాం. ఇప్పుడు తలచుకుంటే ఆ నవ్వుకి ఒళ్లు మండుతుంది.

మొదటేడు బావే గెలిచాడు. కెరటాలు విరిగే చోటు దాటి, లోపల ఎర్రగుడ్డ కట్టి నీళ్లలో తేలేసిన డబ్బా చుట్టూ తిరిగి ముందుగా ఒడ్డు తాకాడు. పడవలో బావతో పాటు స్నేహితుడు దాసు ఉన్నాడు. నన్ను చూడ్డానికి వచ్చిన రమణకి తండ్రి ఈ దాసే. ఊరంతా ఇసకలోకి పరుగెత్తింది. ఆఫీసరు బంతిపూల దండ పట్టుకుని వచ్చాడు. బావ తల వంచాడు. ఆయన బావని దాటి వెళ్లి దండ ఇంజనుకి వేశాడు. తలవంచిన మనిషి అలాగే ఒక క్షణం ఉండిపోయి, తర్వాత తనూ నవ్వేసి చప్పట్లు కొట్టాడు. దండ వేసిన ఇంజను మీద చెయ్యి వేసి నిలబడమంటే నిలబడ్డాడు. ఫొటో తీశారు.

మరుసటేడు నేను శ్రీకాకుళంలో చదువుకుంటూ సంబరానికి ఇంటికొచ్చాను. ఆ పందెం ఒడ్డున నిలబడి చూశాను. వెళ్లడం బాగానే వెళ్లారు. తిరిగొచ్చేటప్పుడు మా పడవ అందరికంటే ముందుంది. ఒడ్డు దగ్గరపడుతోంది, వేగం తగ్గాలి, తగ్గడం లేదు. ఇంజను మోత ఇంకా పెరిగింది. జనం ఈలలు వేస్తున్నారు, అది హుషారు అనుకుని. అక్క ఒక్కతే నా చెయ్యి పట్టుకుని, "ఇంజను ఆగట్లేదే" అంది. దాసు దూకేశాడు. బావ దూకలేదు. వంగి ఇంజనుతో పెనుగులాడుతున్నాడు. పడవ ముక్కు కెరటం మీంచి లేచి ఇసక మేట మీద పడింది. బిగింపులు తెగి ఇంజను ఎగిరి ఆయన కాలి మీద పడింది. ఇప్పటికీ పెద్ద చప్పుడేదైనా వింటే నాకు ముందు గుర్తొచ్చేది ఆ చప్పుడు కాదు. దాని తర్వాత, ఈలలు ఇంకా ఆగకుండా వినిపించిన ఆ కాసేపు.

విశాఖ ఆసుపత్రిలో కాలు తీసేశారు. అక్క, నేను మంచం పక్కన నేల మీద పడుకునేవాళ్లం. కంపెనీ తరఫున ఎవరో వస్తారని నాన్న గేటు దగ్గరే తిరిగేవాడు. ఎవరూ రాలేదు. పాలేనికి మాత్రం వచ్చారు. మర్నాడు పొద్దున్నే లారీ వేసుకొచ్చి, విరిగిన పడవలోంచి ఇంజను ఊడదీసి, గోనెపట్టా కప్పి తీసుకుపోయారు. దాని లోపల ఏం చెడిందో మా ఊళ్లో ఎవరూ చూడలేదు. తర్వాత కబురు చెప్పారు: ఇంజనులో లోపం లేదు, నడిపినవాడి పొరపాటు. ఆ మీదట ఇక పందేలకి ఇంజన్లివ్వం అన్నారు. అదేదో మా మేలు కోరి తీసుకున్న నిర్ణయంలా కూడా చెప్పుకున్నారు.

ఆ కొత్త సంవత్సరం శ్రీకాకుళంలో ఒక విడిభాగాల దుకాణం ముందు నడుస్తుంటే గోడ మీద బావ కనిపించాడు. కంపెనీ క్యాలెండరు. మొదటేడు తీసిన ఫొటో. వెనక సముద్రం, దండ వేసిన ఇంజను, దాని మీద చెయ్యి, తడిసిన లుంగీ కింద రెండు కాళ్లు. లోపలికెళ్లి, "ఆ బొమ్మ తీసేయండి" అన్నాను. "ఎందుకమ్మా? చక్కటి బొమ్మ. సముద్రం ఎంత బాగా పడింది!" అన్నాడు దుకాణదారు. ఆయన తప్పేముంది? బయటికొచ్చి నాగావళి వంతెన మీద ఎండలో చాలాసేపు నిలబడ్డాను.

బావ మళ్లీ వేటకి వెళ్లలేదు. చంకలో కర్ర పెట్టుకుని ఒడ్డుకెళ్లి, ఊరందరి వలలూ బాగుచేసేవాడు. అక్క ఎండు చేపల గంప నెత్తిన పెట్టుకుని కోటబొమ్మాళిలో పాసింజరెక్కి ఆమదాలవలస సంతకి పోయేది. పెట్టెలో అందరూ ముక్కు మూసుకుంటే తలుపు దగ్గర నిలబడే వెళ్లేది. పిల్లల్ని పెంచింది, పెళ్లిళ్లు చేసింది. దానికంటే కష్టమైనది ఇంకొకటుంది. ఊరి మాట. "దాసు దూకినాడు, ఆడేల దూకనేదు? గెలుపు మీద మోజు. బంగారంలాటి పడవని నాశనం సేసినాడు." ఎవరూ మొహం మీద అనలేదు. అందరికీ తెలిసేలా మాత్రం అన్నారు. కంపెనీ అన్న మాట కంపెనీతో పోలేదు, మా ఊళ్లోనే ఉండిపోయింది. బావ ఒక్కసారీ జవాబు చెప్పలేదు. నేనడిగినా చెప్పలేదు. వల ముడి వేసుకుంటూ, "అయిపోనాది కదే" అనేవాడు.

అలాంటి మనిషి దగ్గరికి, కంపెనీ అబ్బాయి వచ్చిపోయిన వారంలోనే వెళ్లాను, ఒప్పుకోవద్దని చెప్పడానికి. ఇప్పుడు పాలెం దాకా సిమెంటు రోడ్డుంది, ఆటో ఇంటి ముందే ఆగింది. బావ అరుగు మీద వల పరుచుకుని ఉన్నాడు. పెట్టుడు కాలు తీసి పక్కన పెట్టుకున్నాడు. నేను కూర్చోకుండానే మొదలెట్టాను. శాలువా కప్పుతారట, సిగ్గులేదా వాళ్లకి, రావద్దని నీ నోటితో నువ్వే చెప్పు అన్నాను. అంతా విని, "రానీ" అన్నాడు.

"ఏంటి రానీ?"

"ఆళ్లని రానీ అంతన్నాను."

నా కోపం ఆయన మీదకి తిరిగింది. "నీకసలు చీమూ నెత్తురూ ఉన్నాయా బావా? ఆ దండ ఇంజనుకేసిననాడే నీకు తెలియాలి" అన్నాను. అక్క లోపల్నుంచి వచ్చి, "అరవకే. ఈదిలో ఇంతారు" అంది. బావ వల పక్కకి నెట్టాడు.

"సత్తివతీ, నువ్వు సదూకున్నదానివి. నాకోటి సెప్పు. ఆళ్లు ఎల్లిపోయినాక నానెవుల్ని అడగాల? విశాకపట్నంలో ఆపీసుకాడికి రెండుపాలు ఎల్లినాను. గేటు దాటనివ్వనేదు. ఇన్నాళ్లకి ఆళ్లే మన పాలెమొస్తన్నారు. రాకపోతే అడిగీదెలాగే?"

నేను వల జరిపి అరుగు మీద ఆయన పక్కన కూర్చున్నాను. ఇన్నేళ్లూ నేను కోరుకున్నది ఆ కంపెనీ మొహం మళ్లీ చూడకూడదని. ఆయన కోరుకున్నది ఒక్కసారైనా చూడాలని.

తుపాను షెల్టరు బిల్డింగులో సమావేశం పెట్టారు. కుర్రాళ్లు కొత్త చొక్కాలేసుకున్నారు, మైకు తెచ్చారు. వాళ్లని తప్పుపట్టలేను, ఆ ఒడ్డున కుర్రాళ్ల కోసం ఎవరైనా ఏదైనా తెచ్చి ఎన్నాళ్లయింది? కంపెనీ అబ్బాయి చక్కగా మాట్లాడాడు. తెర మీద బొమ్మలు చూపించాడు. కారు ఇంజన్లో వాడే తెలివే పడవ ఇంజన్లోనూ పెట్టామన్నాడు. పందెంలో నెగ్గిన ఇంజను మీద జనానికి నమ్మకం కుదురుతుందన్నాడు. ఆ తర్వాత రమణ శాలువా పట్టుకుని వచ్చాడు. బావ చెయ్యి అడ్డం పెట్టి లేచి నిలబడ్డాడు.

"బాబూ, నాకు డబ్బొద్దు, శాలువా వొద్దు. ఆ ఇంజను ఆగనేదు. ఎందికాగనేదో మీరు ఇప్పి సూసుంతారు. ఏటి సూసినారో సెప్పండి. సెప్పి, ఎర్రయ్య తప్పు నేదని ఈ మైకులో ఓపాలి అనండి. అంతే."

ఆ అబ్బాయి చేతిలో రిమోటు బల్ల మీద పెట్టాడు. "అది నేను పుట్టకముందు సంగతి సార్. నాకు నిజంగా తెలీదు. పైవాళ్లకి తెలియజేస్తాను. ఇప్పుడు అన్నీ కొత్త మోడళ్లు..."

"పుట్టకముందు పోటో సూపించినారు కదా!" అంది అక్క, ఆడవాళ్ల వరసలోంచి. నిజమే. ఆ తెర మీద, పాత రోజుల ఘనత కింద, తడి లుంగీతో బావ బొమ్మ వేశాడు.

దాసు వెనక గోడ దగ్గర నిలబడ్డాడు. ముసలివాడైపోయాడు. అతనే అడిగాడు, ఊరంతా లోపల్లోపల అడిగిన ప్రశ్న: "ఎర్రా, ఇన్నాళ్లు నాను నోరిప్పనేదు. నువ్వేల దూకనేదురా?"

బావ అతని వైపు చూశాడు. "దూకుదామనే అనుకున్నాన్రా. బయల్దేరే ముందు నువ్వు పడవ ముందున తాడు సుడతన్నావు, నీకు ఇనపడనేదు. అప్పుడు ఆ ఆపీసరొచ్చి నా భుజం మీద సెయ్యేసి సెప్పినాడు. ఎర్రయ్యా, ఇది అమ్మకానికెల్లే ఇంజను, గీత పడకండా నా సేతికియ్యాల, నీ మీద నమ్మకం పెట్టుకున్నానని. పరాయోళ్ల వొస్తువు. నమ్మి ఇచ్చినాడు. ఎలా ఒగ్గేస్తాన్రా?"

మైకు బొంయిమంటోంది, ఎవరూ ఆపలేదు. దాసు వచ్చి బావ పక్కన నిలబడి ఆయన భుజం మీద తువ్వాలు సర్దుతూ ఉండిపోయాడు. రమణ శాలువా మడత పెట్టి బల్ల మీద పెట్టేశాడు. "మావ అడిగినదానికి జవాబొచ్చేదాకా మన ఒడ్డున పందెం నేదు సార్" అన్నాడు. వెనక కుర్రాళ్లలో కొందరు గొణిగారు, ఒకడు కుర్చీ తన్ని వెళ్లిపోయాడు కూడా. ఆ అబ్బాయి తీగలన్నీ చుట్టుకుని, వెళ్తూ వెళ్తూ బావకి దణ్ణం పెట్టాడు.

జవాబు రాలేదు. కంపెనీ మా పక్కనున్న కింద పాలేనికి వెళ్లింది, వాళ్లు ఒప్పుకున్నారు. పందెం నాటికి నేను అక్క ఇంట్లోనే ఉన్నాను. పొద్దున్నే బావ కాలు తగిలించుకుని, నన్ను ఆటో పిలవమన్నాడు. నేను రానన్నాను. మొన్నటిదాకా అడగడానికన్నావు, ఇప్పుడు చూడ్డానికా అని కేకలేశాను. అక్క మాత్రం తల దువ్వుకుని చెప్పులేసుకుంది. "పదవే. ఆయన సూడ్డానికెల్తన్నాడనుకున్నావేటి?" అంది.

ఒడ్డంతా జెండాలు, కంపెనీ పేరున్న టోపీలు. ఇసకలో పెట్టుడు కాలు దిగబడుతుంటే అక్క భుజం పట్టుకుని బావ వరసగా నిలబెట్టిన పడవల దగ్గరికి నడిచాడు. మొదటి పడవలో చుక్కాని పట్టినవాడికి మీసాలింకా సరిగ్గా రాలేదు. బావ వాడి పడవ అంచు పట్టుకుని, "ఒరే నాన్నా, ఇంజను ఆగకపోతే ఒగ్గేసి దూకీ. పడవ పోతే పోనీ, ఇంజను పోతే పోనీ. అది ఆళ్లది. పేణం నీది. ఇన్నావా?" అన్నాడు. వాడు ఆ కాలు చూసి తల ఊపాడు. అక్కణ్ణుంచి రెండో పడవ. మళ్లీ అదే మాట. టోపీ పెట్టుకున్నవాడొకడు వచ్చి, "పెద్దాయనా, గీత వెనక్కి వెళ్లండి, ఇక్కడికి రాకూడదు" అన్నాడు. "నువ్వెల్లు బాబూ, ఆయన్ని సెప్పనీ" అంది అక్క. బావ ఆగలేదు. చివరి పడవ దాకా వెళ్లాడు.

పందెం జరిగింది. ఎవరు గెలిచారో నాకు గుర్తులేదు. మైకులో కంపెనీకి, కంపెనీ పెద్దలకి, కొత్త ఇంజనుకి, వచ్చిన అతిథులకి పేరుపేరునా కృతజ్ఞతలు చెప్పారు. నడిపినవాళ్ల పేర్లు చదివేసరికి బాణసంచా మొదలైంది, ఒక్కటీ వినపడలేదు. నా కోపం ఏమీ చల్లారలేదు, ఇది రాస్తున్నప్పుడూ చల్లారలేదు. వాళ్లు మళ్లీ రావచ్చా అని నన్నడిగితే, రావచ్చు అంటాను, ముందు వాళ్ల ఆఫీసు గేటు మా బావకి తెరిచి వస్తే. మాత్రమే అని వచ్చేవాళ్లని మాత్రం ఒడ్డు తొక్కనివ్వను.

బావ ఆ సందడేదీ వినడం లేదు. నీళ్ల అంచున నిలబడి, ఒక్కొక్క పడవా ఇసక తాకుతుంటే దిగుతున్న కుర్రాళ్ల కాళ్ల వైపే చూస్తున్నాడు. ఆఖరి పడవ కూడా వచ్చాక అక్క వైపు తిరిగి, "అందరూ వొచ్చినారే నూకాలూ. ఇంక ఇంటికెల్దాం, ఆకలేస్తన్నాది" అన్నాడు.